చూపు తగ్గుతున్న ఉద్యోగికి, వినికిడి లేని కొత్త ఉద్యోగికి ఆఫీసులో ఎలాంటి సర్దుబాట్లు చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు పన్నెండు మంది ఉన్న జట్టును నడుపుతున్నారు. అందులో తొమ్మిదేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న ఒకరికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల చూపు క్రమంగా తగ్గుతోంది. తనకు ఫలానాది కావాలని ఆయన నోరు తెరిచి అడగడం లేదు, ఆ మాట ఎత్తడానికి మీకూ మొహమాటం అడ్డువస్తోంది. వచ్చే నెలలో పుట్టుకతోనే వినికిడి లేని ఒక యువతి మీ జట్టులో చేరబోతున్నారు. వీరిద్దరి కోసం ఏ పరికరాలు కొనాలి, మిగతావాళ్లు "మాకు లేనిది వాళ్లకెందుకు" అంటే ఏం చెప్పాలి అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా మానవ వనరుల విభాగంలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం వైకల్యం ఉన్న ఉద్యోగులకు పనిచేసే చోట కావలసిన సర్దుబాట్లు చూసే బాధ్యతే నాది. ఆ అనుభవంతో సూటిగా చెబుతాను. పరికరాల జాబితాతో మొదలుపెట్టకండి, జబ్బు పేరుతోనూ మొదలుపెట్టకండి. పనితో మొదలుపెట్టండి. ఆ ఉద్యోగి రోజూ చేసే పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఏ మెట్టు దగ్గర అడ్డు తగులుతోందో ఆయననే అడిగి తెలుసుకుని, ఆ అడ్డును తొలగించే మార్గాన్ని ఇద్దరూ కలిసి ఎంచుకుని, కొన్ని వారాలు వాడి చూసి, అవసరమైతే మార్చండి. పరికరం కొనడం ఇందులో ఒక భాగం మాత్రమే, చాలాసార్లు చిన్న భాగం. పని చేసే పద్ధతిలో, సమయంలో, సమావేశాలు జరిపే తీరులో మీరు తెచ్చే మార్పులే ఎక్కువ ఫలితం ఇస్తాయి.

జబ్బు పేరుతో ఎందుకు మొదలుపెట్టవద్దంటున్నానో ముందుగా వివరిస్తాను. మీరు చెప్పిన రెటినైటిస్ పిగ్మెంటోసాలో సాధారణంగా మొదట మసక వెలుతురులో చూపు తగ్గుతుంది, తరువాత పక్క చూపు తగ్గుతూ వస్తుంది. అంటే గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో ఉన్నది మాత్రం కనిపిస్తుంది. అలాంటి వ్యక్తి కాగితం మీద చిన్న అక్షరాలను కూడా చదవగలిగి, మరుక్షణమే దారిలో ఉన్న కుర్చీకి తగిలి పడిపోవచ్చు. చూసేవారికి ఇది వింతగా తోచి, "చదవడానికి కనిపిస్తుంది కానీ నడవడానికి కనిపించదా" అన్న అనుమానం కూడా పుడుతుంది. వయసుతో పాటు వచ్చే మాక్యులా (కంటి రెటీనా మధ్య భాగం) క్షీణతలో దీనికి సరిగ్గా వ్యతిరేకం: మధ్య చూపు పోయి పక్క చూపు మిగులుతుంది, అక్షరాలు పెద్దవి చేస్తే ఎంతో మేలు జరుగుతుంది. వైద్య పత్రంలో ఇద్దరికీ "అల్ప దృష్టి" అనే రాసి ఉండవచ్చు. ఒకరికి ఉపకరించేది మరొకరిని ఇబ్బంది పెడుతుంది.

ఈ తేడాను నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో, చూపు తగ్గుతున్న ఒక సహోద్యోగి కోసం నేనే ముందుకు వచ్చి, ఆయనను ఒక్క మాట అడగకుండా, దొరికిన వాటిలో అతి పెద్ద మానిటర్ తెప్పించి బల్ల మీద పెట్టించాను. ఆయన కృతజ్ఞతలు చెప్పారు. మూడు నెలల తరువాత వేరే పని మీద ఆయన దగ్గర కూర్చున్నప్పుడు, ఆ పెద్ద తెరలో నాలుగో వంతు మాత్రమే ఉండేలా విండోను కుదించుకుని పనిచేస్తున్నారని గమనించాను. ఆయన చూపు మేర సన్నగా ఉండటంతో పెద్ద తెర అంతటా వెతుక్కోవడం చిన్న తెరకన్నా కష్టమైంది, అక్షరాలు పెద్దవి చేస్తే ఒక్కో చూపులో రెండు మూడు మాటలే ఇమిడేవి. నేను నొచ్చుకుంటానని ఆయన చెప్పలేదు. మంచి మనసుతో చేసిన పని ఆయన మీద మూడు నెలల పాటు అదనపు భారమైంది.

కాబట్టి ఆయనతో మాట్లాడటమే మొదటి పని. మొహమాటం సహజమే, కానీ మీరు మౌనంగా ఉంటే ఆయన దాన్ని మర్యాదగా అర్థం చేసుకోకపోవచ్చు. "నా గురించి అప్పుడే ఏదో నిర్ణయించేసుకున్నారు" అని భయపడే అవకాశమే ఎక్కువ. చూపు తగ్గుతున్న మనిషికి అన్నింటికన్నా పెద్ద భయం ఉద్యోగం పోతుందన్నదే. అందుకని ఏకాంతంగా, తొందర లేని సమయం చూసుకుని, మొట్టమొదట ఆ భయాన్ని తీర్చే మాట చెప్పండి. నేను సాధారణంగా ఇలా మొదలుపెడతాను: "మీరు ఇక్కడ మీ పని కొనసాగించాలన్నదే నా ఉద్దేశం. ఈ పనిలో ఈ మధ్య మీకు ఎక్కువ సమయం పడుతున్నవి, అలసట కలిగిస్తున్నవి ఏమిటో చెబితే, వాటిని ఎలా మార్చవచ్చో కలిసి చూద్దాం. ఇప్పుడే చెప్పాలని లేదు, ఆలోచించుకుని చెప్పినా సరే." ఇందులో కంటి గురించి ఒక్క ప్రశ్న కూడా లేదని గమనించండి. "ఇంకా ఎంత కనిపిస్తుంది", "మొత్తం పోతుందా", "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా" వంటి ప్రశ్నలు మీకు అవసరం లేనివి, అడిగే హక్కు కూడా మీకు లేదు. ఈ జబ్బు ఎంత వేగంగా ముదురుతుందన్నది ఒకే కుటుంబంలోనే మనిషి మనిషికీ మారుతుంది. ఆయనకే తెలియని జవాబును మీరు అడిగితే బాధ తప్ప ఏమీ మిగలదు.

పదాల విషయం కూడా ఇక్కడే చెబుతాను. ప్రభుత్వ పత్రాలలో "దివ్యాంగులు" అన్న మాట వాడుకలో ఉంది. కొందరికి అది గౌరవంగా అనిపిస్తుంది, మరికొందరికి తమకు లేని దివ్యత్వాన్ని అంటగట్టినట్టు అనిపిస్తుంది. పుట్టుకతో వినికిడి లేనివారిలో చాలామంది "బధిరులం" అని తమను తాము సగర్వంగా చెప్పుకుంటారు, సైగల భాషను తమ మాతృభాషగా భావిస్తారు. ఎవరి విషయంలోనైనా వారు తమ గురించి ఏ మాట వాడుకుంటారో విని, ఆ మాటే వాడటం మంచిది.

మాట కలిసిన తరువాత, ఆయన ఒప్పుకుంటే, ఒక పూట ఆయన పక్కన కూర్చుని పని చూడండి. తనిఖీ చేస్తున్నట్టు కాకుండా, నేర్చుకుంటున్నట్టు కూర్చోవాలి. నా అనుభవంలో ఈ ఒక్క పూటలో బయటపడే అడ్డంకులు నెలల తరబడి జరిపే సమావేశాలలో బయటపడవు. చూపు తగ్గుతున్నవారి విషయంలో నాకు తరచుగా కనిపించినవి ఇవి. ఆఫీసులో తిరిగే పత్రాలలో చాలావరకు కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఉంటాయి, అవి కంప్యూటర్ దృష్టిలో బొమ్మలే కనుక స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాటిని నేరుగా చదవలేదు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పత్రాలదీ అదే గతి: కంటికి తెలుగులా కనిపిస్తాయి, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థం లేని గుర్తుల వరుసలా వినిపిస్తాయి. లెక్కల పట్టికలలో "ఎరుపు గడులన్నీ బాకీలు" అన్నట్టు రంగుతో మాత్రమే సమాచారం చెప్పడం మరొక అడ్డంకి. తెల్లని నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు ఇంకొకటి. వెబ్ సౌలభ్య ప్రమాణాల ప్రకారం మామూలు పరిమాణపు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను దీనితో ఒకసారి కొలిపించి చూడండి, చాలా చోట్ల తప్పుతుంది. వీటిలో దేనికీ ఖర్చు లేదు. జట్టు మొత్తం పత్రాలు తయారు చేసే అలవాటును మార్చుకోవడమే కావాలి.

స్క్రీన్ రీడర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మేనేజర్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, 2006 నుంచి అభివృద్ధిలో ఉంది, తెలుగును కూడా చదువుతుంది. జాస్ అనేది డబ్బు చెల్లించి తీసుకునేది. ఏది తీసుకున్నా, తెర మీద ఉన్నది వినిపించడం మొదలైనంత మాత్రాన ఆయన పని యథాతథంగా సాగిపోదు. మౌస్ వదిలి కీబోర్డుతోనే అంతా నడపడం, చెవితో పట్టిక నిర్మాణాన్ని గ్రహించడం కొత్త భాష నేర్చుకోవడం వంటిది. పనిలో పూర్తి వేగం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. కాస్త చూపు ఉండగానే నేర్చుకోవడం మొదలుపెడితే మార్పు సాఫీగా జరుగుతుంది. అందువల్ల మీరు ఇవ్వవలసిన అసలు సర్దుబాటు సాఫ్ట్‌వేర్ కాదు, సమయం. వారంలో కొన్ని గంటలు శిక్షణకు కేటాయించి, ఆ కాలంలో ఆయన పని పరిమాణాన్ని ఆ మేరకు తగ్గించి, ఈ సంగతి వార్షిక మదింపులో ఆయనకు వ్యతిరేకంగా లెక్కకు రాకుండా ముందే రాతపూర్వకంగా నమోదు చేయండి. నాకు తెలిసిన ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇచ్చారు, శిక్షణ కూడా ఇప్పించారు, లక్ష్యాలను మాత్రం తగ్గించలేదు. పగలంతా పని, రాత్రంతా సాధన చేసి ఆ ఉద్యోగి ఆరు నెలలకే ఆరోగ్యం చెడి రాజీనామా చేశారు.

మీ సహోద్యోగి విషయంలో తెర బయటి సంగతులు కూడా ఉన్నాయి. మసక వెలుతురులో చూపు ముందు తగ్గుతుందని చెప్పాను కదా, చీకటి పడిన తరువాత ఇంటికి చేరడం ఆయనకు రోజూ ఒక గండం కావచ్చు. పని కాస్త త్వరగా మొదలై త్వరగా ముగిసేలా వేళలు మారిస్తే ఆ గండం తప్పుతుంది. నడిచే దారుల్లో చెత్తబుట్టలు, అట్టపెట్టెలు పెట్టకుండా చూడటం, సొరుగులు మూసి ఉంచడం, అద్దాల తలుపుల మీద కంటికి ఆనే పట్టీ అతికించడం, మెట్ల అంచులకు వేరే రంగు వేయడం వంటివి చిన్నవిగా కనిపిస్తాయి కానీ పక్క చూపు లేనివారిని దెబ్బల నుంచి కాపాడతాయి. వెలుతురును మాత్రం మీ అంతట మీరు పెంచకండి. కొందరికి ఎక్కువ వెలుతురు కావాలి, కొందరికి అదే కళ్లు మిరుమిట్లు గొలిపి ఇబ్బంది పెడుతుంది. ఆయననే అడగండి.

ఇక వచ్చే నెల చేరబోయే ఉద్యోగిని గురించి. ఆమె ఎలా సంభాషించడానికి ఇష్టపడతారో చేరే ముందే అడగాలి, ఎందుకంటే వినికిడి లేనివారందరూ ఒకే దారిలో మాట్లాడరు. కొందరు సైగల భాష వాడతారు, కొందరు పెదవుల కదలికను చదువుతారు, కొందరు వినికిడి యంత్రమో, శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటో వాడతారు, కొందరు రాతను ఇష్టపడతారు. పెదవులు చదివేవారు ఉంటే ఇక అన్నీ అర్థమైపోతాయనుకోవడం పెద్ద పొరపాటు. అద్దం ముందు నిలబడి గొంతు రానివ్వకుండా "పాట", "బాట", "మాట" అని చూడండి, మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ రోజంతా గడపడం ఎంత అలసటో దీన్నిబట్టి తెలుస్తుంది. వినికిడి యంత్రం కూడా కళ్లజోడు వంటిది కాదు. అది శబ్దాన్ని పెంచుతుంది, కానీ నలుగురు ఒకేసారి మాట్లాడే గదిలో కావలసిన గొంతును విడదీసి ఇవ్వడం దానికి కష్టం.

సైగల భాష వాడేవారైతే ముఖ్యమైన సమావేశాలకు, శిక్షణ తరగతులకు, పనితీరు చర్చలకు అనువాదకులను ఏర్పాటు చేయండి. ఈ పనిలో మనసు, చేతులు రెండూ అలసిపోతాయి కాబట్టి అనువాదకులు ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి మారుతుంటారు. గంటకు మించిన సమావేశమైతే ఇద్దరు కావాలి. మాట్లాడేటప్పుడు ఆమె వైపు చూసి మాట్లాడండి, అనువాదకుల వైపు తిరిగి "ఆమెకు చెప్పండి" అనకండి. సైగల భాష ప్రపంచమంతటా ఒకటే కాదనీ, దానికి దానిదైన వ్యాకరణం ఉందనీ గుర్తుంచుకోవాలి. అందువల్ల పుట్టుకతో వినికిడి లేని కొందరికి మనం రాసే భాష రెండో భాష అవుతుంది. వారి ఈమెయిల్‌లో వాక్య నిర్మాణం కాస్త వేరుగా ఉంటే దాన్ని తెలివికో శ్రద్ధకో కొలతగా తీసుకోకండి. ఈ ఒక్క అపోహ వల్ల సమర్థులైన వారు పదోన్నతి జాబితాల్లోంచి జారిపోవడం నేను చూశాను.

అయితే అనువాదకులు, క్యాప్షన్లు (మాటలను తెర మీద అక్షరాలుగా చూపేవి) ఉన్నంత మాత్రాన సరిపోదు. నేను పనిచేసిన ఒక చోట లెక్కల విభాగంలో వినికిడి లేని ఒకామె ఉండేవారు. ప్రతి సమావేశానికీ అనువాదకురాలు వచ్చేవారు, ఏర్పాట్లన్నీ సవ్యంగా ఉన్నాయని మేము అనుకున్నాం. ఒకసారి ఆమె నాకు ఇలా రాసి పంపారు: "సమావేశంలో ఒక నిర్ణయం జరుగుతుంది. మర్నాటికి అందరూ ఇంకొకటి చేస్తుంటారు. ఎప్పుడు మారిందో నాకు తెలియదు." విచారిస్తే తేలింది ఏమిటంటే, సమావేశం ముగిసి లిఫ్ట్ దగ్గర నిలబడి మాట్లాడుకున్నప్పుడు సగం నిర్ణయాలు మారిపోయేవి. అక్కడ అనువాదకురాలు ఉండరు. దానికి మేము చేసిన సర్దుబాటు ఒక్క నియమం: ఏ నిర్ణయమైనా, ఎక్కడ జరిగినా, అదే రోజు జట్టు చాట్‌లో రాస్తేనే అది నిర్ణయం, రాయనిది చెల్లదు. మొదటి రెండు వారాలు అందరూ విసుక్కున్నారు. తరువాత సెలవులో ఉన్నవారు, వేరే చోటి నుంచి పనిచేసేవారు, చివరికి ఆ నిర్ణయాలు తీసుకున్నవారే ఆ నియమాన్ని వదలలేదు.

సమావేశాల తీరు గురించి మరికొన్ని మాటలు. ఒకరి తరువాత ఒకరే మాట్లాడాలి, మాట్లాడే ముందు చెయ్యి ఎత్తాలి. మాట్లాడేవారు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నీడలో పడుతుంది, అలా కూర్చోకూడదు. చర్చాంశాలు, పట్టికలు ముందురోజే పంపాలి. తెర మీద పట్టిక చూపిస్తూ అదే సమయంలో మాట్లాడితే ఆమె రెండింటిలో ఒకదాన్నే చూడగలరు కాబట్టి, చూపించి కాసేపు ఆగి తరువాత మాట్లాడాలి. యంత్రం తయారు చేసే క్యాప్షన్లు ఉపయోగపడతాయి, కానీ పేర్లను, అంకెలను, రెండు భాషలు కలిసిన మాటలను తప్పుగా రాస్తాయి. ముఖ్యమైన విషయాలకు వాటి మీదే ఆధారపడకండి. ఆమె ఏదైనా మళ్లీ చెప్పమన్నప్పుడు "ఫరవాలేదు, ముఖ్యం కాదులెండి" అనకండి. ఆ మాట ఎంత గాయపరుస్తుందో వినికిడి లేని ఏ ఉద్యోగిని అడిగినా చెబుతారు.

చట్టం సంగతి అడగలేదు కానీ, మీ పై అధికారులతో మాట్లాడేటప్పుడు పనికి వస్తుంది కనుక చెబుతున్నాను. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించి, 2008లో అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల ఒడంబడిక "సహేతుకమైన సర్దుబాటు" అన్న భావనను స్పష్టంగా నిర్వచించింది. ఒక నిర్దిష్ట వ్యక్తికి, నిర్దిష్ట సందర్భంలో అవసరమై, సంస్థ మీద మితిమీరిన భారం మోపని మార్పు అని దాని సారాంశం. అలాంటి మార్పును నిరాకరించడమే వివక్ష అని కూడా అది చెబుతుంది. అమెరికాలో 1990 నాటి చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ భావనను తమ తమ పద్ధతుల్లో కలిగి ఉన్నాయి. మీ సంస్థకు వర్తించే నియమాలను న్యాయ విభాగంతో నిర్ధారించుకోండి. "మితిమీరిన భారం" అన్న మాటను మాత్రం తొందరపడి వాడవద్దని నా మనవి. అడిగిన సర్దుబాటు నిజంగా సాధ్యం కాకపోతే, కాదని చెప్పి ఊరుకోవడంతో మీ బాధ్యత తీరదు. అదే అడ్డును తొలగించే మరో మార్గాన్ని వెతకాలి, ఎందుకు కుదరలేదో కారణం చెప్పాలి. ఖర్చు విషయానికి వస్తే, నేను చూసిన సర్దుబాట్లలో దాదాపు సగం వాటికి పైసా ఖర్చు కాలేదు.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమని నేను నమ్మే విషయం. ప్రమాణాన్ని తగ్గించకండి, ప్రమాణాన్ని చేరే దారిని మార్చండి. నివేదిక శుక్రవారానికి తప్పుల్లేకుండా అందాలన్నది ప్రమాణం. దాన్ని కళ్లతో చదివి సరిచూస్తారా, చెవితో విని సరిచూస్తారా అన్నది దారి. కస్టమర్ సమస్య తీరాలన్నది ప్రమాణం, ఫోన్‌లో తీరుస్తారా చాట్‌లో తీరుస్తారా అన్నది దారి. ఈ తేడా తెలియని చోట రెండు రకాల అన్యాయాలు జరుగుతాయి. మొదటిది, దారిని ప్రమాణంగా పొరబడి, ఫోన్ ఎత్తలేరు కనుక ఈ ఉద్యోగానికి పనికిరారనడం. రెండవది దయ రూపంలో వస్తుంది కాబట్టి ఎవరూ గుర్తించరు. "ఆయనకు కష్టం ఎందుకులే" అని క్లిష్టమైన పనులను, ప్రయాణాలను, కొత్త ప్రాజెక్టులను ఒక్కొక్కటిగా పక్కకు తప్పిస్తారు. నడుము కింది భాగం చచ్చుబడి వీల్‌చైర్‌లో తిరిగి విధుల్లో చేరిన ఒక ఇంజినీరును ఇలాగే మూడేళ్ల పాటు పత్రాలు సర్దే పనిలో ఉంచారు. ఆయన ప్రమాదానికి ముందు ఆ విభాగంలో అందరికన్నా మంచి డిజైనర్. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. మూడేళ్ల తరువాత పదోన్నతుల వేళ ఆయన పేరు చర్చకు వచ్చినప్పుడు "ఈ మధ్య చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు కదా" అన్నారు. చేయనివ్వనిది మేమే. కష్టమో కాదో చెప్పవలసింది ఆయన, ఆయన బదులు మనం నిర్ణయించకూడదు. అలాగే పనిలో తప్పు జరిగితే మిగతావారికి చెప్పినట్టే వారికీ చెప్పండి. తప్పును చెప్పకుండా దాచడం కూడా ఎదుగుదలను అడ్డుకోవడమే.

మిగతా జట్టు సభ్యుల సంగతికి వస్తాను. "వాళ్లకెందుకు" అన్న ప్రశ్న వస్తుంది, రాకుండా ఉండదు. దానికి జవాబుగా ఆ ఉద్యోగి ఆరోగ్య వివరాలు చెప్పడం తగదు. వైద్య పత్రాలు అవసరమైతే, ఏ పనులలో ఎలాంటి పరిమితి ఉందన్నంత వరకే అడిగి, వాటిని మామూలు ఉద్యోగ దస్త్రంలో కాకుండా వేరుగా భద్రపరచాలి. జట్టుకు ఏం చెప్పాలన్నది ఆ ఉద్యోగి ఇష్టం. నేను సాధారణంగా చెప్పే జవాబు ఇంతే: "ఈ జట్టులో ఎవరికి పనికి అడ్డు తగిలినా దాన్ని తొలగించడం నా బాధ్యత. ఒకరి విషయం ఇంకొకరితో మాట్లాడను, మీ విషయం కూడా ఎవరితోనూ మాట్లాడను. మీకు ఏదైనా అడ్డు ఉంటే రేపే కూర్చుని మాట్లాడదాం." ఈ చివరి మాట మనస్ఫూర్తిగా అనాలి, నిలబెట్టుకోవాలి. అన్న తరువాత నా గదిలోకి వచ్చి కూర్చున్నవారి సంఖ్య నన్ను కదిలించింది. ఒకరికి కీళ్లవాతం, ఉదయం లేచాక చేతివేళ్లు బిగుసుకుపోయి రెండు గంటల వరకు కీబోర్డు పట్టలేరు. ఆలస్యంగా వస్తున్నారని అప్పటికి రెండుసార్లు మెమో అందుకున్నారు. పని గంటన్నర ఆలస్యంగా మొదలయ్యేలా మార్చడంతో సమస్య తీరిపోయింది. ఇంకొకరు తీవ్రమైన కుంగుబాటు నుంచి కోలుకుంటున్నారు, మందుల ప్రభావంతో మధ్యాహ్నం మగతగా ఉంటుంది. మరొకరికి మూర్ఛ ఉంది, ఎప్పుడైనా వస్తే పక్కవాళ్లు నోట్లో ఏమైనా కుక్కుతారేమో, కాళ్లు చేతులు అదిమి పడతారేమో అని ఏళ్ల తరబడి భయపడుతున్నారు. (ఆ రెండూ చేయకూడదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, సమయం చూసుకోవాలి. ఐదు నిమిషాలకు మించితే అంబులెన్సును పిలవాలి.) ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. మీ పన్నెండు మందిలో మీకు తెలిసినవారు ఒక్కరే అంటే, మిగతావారిలో చెప్పని వారు ఉండి ఉండవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒకరికి ఇచ్చిన సర్దుబాటు వల్ల ఇంకొకరి మీద పని భారం పడితే, వారి ఫిర్యాదులో న్యాయం ఉంటుంది. ఫోన్ పని ఆమె నుంచి తీసి పక్కవారికి ఇస్తే, పక్కవారి పనిలో కొంత ఆమెకు ఇవ్వాలి. ఈ మార్పిడి చేయకుండా సహనాన్ని ఆశించడం వల్లనే జట్లలో చేదు పుడుతుంది, ఆ చేదును అన్యాయంగా వైకల్యం ఉన్నవారే భరించవలసి వస్తుంది.

అంగీకరించిన సర్దుబాట్లను ఒక్క పేజీలో రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఆరు వారాలకు ఒకసారి, ఆ తరువాత ఆరు నెలలకు ఒకసారి సమీక్షించే తేదీలు అందులోనే వేయండి. మీరు బదిలీ అయి కొత్త మేనేజర్ వస్తే ఆ పేజీ ఉద్యోగితో పాటు సాగాలి. లేకపోతే ఆయన తన కథంతా మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది, అది ఎంతో అవమానకరంగా ఉంటుంది. చూపు క్రమంగా తగ్గే జబ్బులో ఈ ఏడాది సరిపోయినది వచ్చే ఏడాది సరిపోదు. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా కూడా సమీక్ష కావాలి. ఒక సంస్థలో హాజరు నమోదు చేసే పోర్టల్‌ను కొత్తగా మార్చారు. అందులోని బటన్లకు పేర్లు లేకపోవడంతో స్క్రీన్ రీడర్ ప్రతిదానికీ "బటన్, బటన్" అని మాత్రమే చెప్పేది. చూపు లేని ఒక మహిళా ఉద్యోగి సెలవు కావలసినప్పుడల్లా పక్కవారికి తన పాస్‌వర్డ్ చెప్పి పెట్టించుకోవలసి వచ్చింది, నాలుగు నెలలు ఇలాగే సాగింది. కొనే ముందే స్క్రీన్ రీడర్ వాడేవారి చేత పరీక్ష చేయించి ఉంటే ఒక పూటలో బయటపడేది.

చివరగా అందరూ మరిచిపోయేది, నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది: అగ్నిప్రమాదం. ఒకసారి అలారం మోగించి బయటికి వెళ్లే డ్రిల్ జరిగినప్పుడు అందరం కిందికి దిగి పేర్లు పిలుచుకుంటే, వీల్‌చైర్‌లో ఉన్న ఒకరు మూడో అంతస్తు మెట్ల దగ్గర ఒంటరిగా మిగిలిపోయారని తెలిసింది. మంటల వేళ లిఫ్టు వాడకూడదు. ఆయనను ఎవరు, ఎలా కిందికి తేవాలో ఎవరికీ చెప్పి ఉండలేదు. మీ కొత్త ఉద్యోగికి అలారం వినిపించదు, మరుగుదొడ్డిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తెలిసేలా మెరిసే దీపమో, ఒంటిమీద ఉండి కంపించే పరికరమో కావాలి. మీ పాత సహోద్యోగికి పొగలో, దీపాలు ఆరిన మెట్ల మీద దారి కనిపించదు. ఇద్దరితోనూ విడివిడిగా కూర్చుని, ఎవరు తోడుంటారు, వారు సెలవులో ఉంటే ఎవరు, ఏ దారిలో అన్నది రాసి, ఒకసారి నడిచి చూడండి.

ఆమె చేరడానికి నెల ఉంది కాబట్టి, ఈ వారమే ఆమెకు ఒక చిన్న ఈమెయిల్ పంపండి. "మొదటి రోజు నుంచే మీరు పూర్తిగా పాల్గొనేలా ఏర్పాట్లు చేయాలనుకుంటున్నాము. సమావేశాలలో, జట్టుతో మాటామంతీలో, అత్యవసర సమయంలో మీకు ఏ పద్ధతి అనువుగా ఉంటుందో తెలియజేయగలరు. ఇంతకుముందు చదువులోనో పనిలోనో మీకు బాగా ఉపకరించినవి ఏమైనా ఉంటే అవి కూడా చెప్పండి" అని రాస్తే సరిపోతుంది. మంచి అనువాదకులు దొరకడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కనుక ఆలస్యం చేయకండి. మీ సహోద్యోగితో మాట్లాడటానికి మాత్రం ఏ జవాబు కోసమూ ఆగనక్కరలేదు, రేపు ఉదయం ఆయనకు వీలైన అరగంట అడగండి. ఆ సంభాషణ తరువాత కొత్త సందేహాలు వస్తే, ఆయన పేరు కానీ గుర్తుపట్టే వివరాలు కానీ లేకుండా, ఆయన పనిలోని మెట్లను మాత్రం ఇక్కడ రాయండి. ఒక్కొక్క మెట్టుకూ నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.